తాతల నాటి ఆయిల్ ఇంజన్‌కి టైమింగ్ సరిచేసుకోవడం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలు కూడా పడిపోయాయి, రోజుల తరబడి మోటార్లు తిరగలేదు, నీళ్లు లేవు. అప్పుడు గుర్తొచ్చింది మాకు, తోటలో పాక కింద గోనెసంచులు కప్పి వదిలేసిన తాత ఇంజన్. ఆరు హెచ్‌పీ లిస్టర్ మోడల్, అటొకటి ఇటొకటి రెండు పెద్ద ఫ్లైవీళ్లు, బెల్టు వేసి బావి మీద పంపు తిప్పేది. ఇద్దరం మార్చి మార్చి హ్యాండిల్ తిప్పితే గంటకి లేచింది గానీ, తెల్లపొగ కక్కుతూ, బెల్టు వెయ్యగానే ఆయాసం వచ్చినట్టు ఆగిపోయేది. చూసినవాళ్లందరిదీ ఒకటే మాట, టైమింగ్ పోయిందని. నేనూ నమ్మేశాను. ఫ్లైవీల్ మీద గీత చూసుకుని, అక్కడి నుంచి 20 డిగ్రీలు కొలిచి, డీజిల్ పంపు కింది ట్యాపెట్ బోల్టు తిప్పి బిగించాను. మర్నాడు పొద్దున్నే హ్యాండిల్ ఎదురు తన్నింది. మణికట్టు బెణికి పది రోజులు చేతికి గుడ్డ కట్టుకుని తిరిగాను.

తర్వాత పక్క ఊరి నుంచి సైకిల్ మీద ఒక ముసలి మెకానిక్ వచ్చాడు. ఇంజన్ చుట్టూ ఒకసారి తిరిగి, "గీతని సూసి పెట్టేసినావా బాబూ? గీతదేటుంది, ఎవుడో గీసినాడు. పిస్టన్ని అడగాల" అన్నాడు. ఎప్పుడో ఒక ఫ్లైవీల్ పగిలిపోతే మా తాత వేరే ఇంజన్‌ది తెచ్చి వేయించాడట, దాని మీద ఉన్న గీత ఆ పాత ఇంజన్‌కి సంబంధించింది. మాదానికి 9 డిగ్రీలు తేడా. ఇంతా చేసి మొదటి జబ్బు టైమింగ్ కానే కాదు, నాజిల్ (సిలిండర్లోకి డీజిల్ చిమ్మే మూతి) కారుతోంది, ట్యాంకులో వాననీళ్లు చేరాయి. అంటే బాగున్న టైమింగ్‌ని నేనే చెడగొట్టుకున్నాను. మీరు ఆ పని చెయ్యకుండా, ఏ వరసలో చూడాలో, ఎలా కొలవాలో ఆయన దగ్గర నేర్చుకున్నది రాస్తున్నాను.

ఇది ముఖ్యంగా ఎవరి కోసమంటే, నెమ్మదిగా తిరిగే సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజన్ ఉన్నవాళ్ల కోసం. లిస్టర్ సీఎస్ అనేది 1930ల నాటి ఇంగ్లండ్ మోడల్, డర్స్‌లీ అనే ఊళ్లో తయారయ్యేది. మన పల్లెల్లో కనిపించేవాటిలో చాలా భాగం దాన్ని చూసి రాజ్‌కోట్‌లో పోతపోసినవే. ఆరు హెచ్‌పీది నిమిషానికి 650 చుట్లు తిరుగుతుంది. చెరకు గానుగ దగ్గరా, పిండిమరల్లోనూ, పాత బియ్యం మిల్లుల్లోనూ ఒకప్పుడు ఇవే. ప్లగ్గుతో నడిచే కిరసనాయిల్ ఇంజన్ ఉంటే దాని సంగతి చివర్లో కొంచెం చెప్తాను.

డీజిల్‌కి ప్లగ్గు లేదు కదా, టైమింగ్ ఏమిటి అని అడిగేవాళ్లుంటారు. పిస్టన్ గాలిని నొక్కి నొక్కి వేడెక్కిస్తుంది, ఆ వేడిలోకి ఇంజన్‌కున్న చిన్న పంపు (బావి పంపు కాదు) డీజిల్‌ని తోస్తుంది, అదే అంటుకుంటుంది. తోయడం ఎప్పుడు మొదలవ్వాలన్నదే టైమింగ్. డీజిల్ పడిన క్షణంలోనే మండదు, సన్న తుంపరగా చితికి, వేడెక్కి, అప్పుడు అంటుకోవాలి, దానికి కాస్త వ్యవధి కావాలి కాబట్టి పిస్టన్ పైకొనకి చేరకముందే మొదలుపెడతారు. 650 స్పీడు లిస్టర్ మోడల్‌కి అది 20 డిగ్రీల ముందు. లెక్కేస్తే ఒక చుట్టుకి 92 మిల్లీసెకన్లు, అందులో 20 డిగ్రీలంటే 5 మిల్లీసెకన్లు, సెకనులో 200వ వంతు. కిర్లోస్కర్ టీవీ1 లాంటి 1500 స్పీడు ఇంజన్‌కి 23 డిగ్రీలు, కానీ అది రెట్టింపు కంటే వేగంగా తిరుగుతుంది కాబట్టి దానికి దొరికే సమయం ఇందులో సగమే. అందుకే ఒక ఇంజన్ అంకె ఇంకోదానికి పెట్టకూడదు. మీ ఇంజన్ పుస్తకం ఉంటే దాన్నే నమ్మండి, లేకపోతే పేరు ప్లేటు మీద మోడలూ స్పీడూ చూసి, ఆ మోడల్ బాగా తెలిసినవాళ్లని అడగండి.

టైమింగ్ మీద చెయ్యి వేసేముందు

ముందుగా శబ్దం, పొగ. టైమింగ్ బాగా ముందుకి వెళ్లిపోతే సుత్తితో ఇనుము మీద కొట్టినట్టు టంగు టంగుమని గట్టిగా కొడుతుంది, హ్యాండిల్ ఎదురు తంతుంది, అలాగే నడిపితే హెడ్ గాస్కెట్టూ బేరింగులూ పోతాయి. వెనక్కి పోతే శబ్దం మెత్తగా, దబ్ దబ్‌మని బద్ధకంగా ఉంటుంది, స్టార్టింగ్ కష్టం, కళ్లు మండే తెల్లపొగ, లోడు లాగదు, సైలెన్సర్ పైపు మామూలు కంటే ఎక్కువ కాలుతుంది. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. చిక్కేమిటంటే ఈ లక్షణాలన్నీ వేరే జబ్బులకి కూడా ఉంటాయి.

కొట్టే శబ్దం ఉంటే ఒక చిన్న పరీక్ష. ఇంజన్ నడుస్తుండగా పంపు దగ్గరి చేతి లివర్ ఎత్తి పట్టుకుని రెండు మూడు చుట్లు డీజిల్ ఆపండి. డీజిల్ ఆగగానే ఆ శబ్దం మాయమైతే అది మంట వల్ల వచ్చేదే, టైమింగ్ గానీ నాజిల్ గానీ. డీజిల్ ఆగినా కొడుతూనే ఉంటే అది ఇనుము కొట్టుకోవడం: బిగ్ ఎండ్ బేరింగు (కనెక్టింగ్ రాడ్ కింది కొనది), గడ్జన్ పిన్ను (పిస్టన్‌ని రాడ్‌కి కలిపేది), లేదా ఫ్లైవీల్ కీ (ఫ్లైవీల్‌ని ఇరుసుకి బిగించే చీల) వదులవడం. ఫ్లైవీల్ కీ వదులైన ఇంజన్ని చూసి టైమింగ్ అని పొరబడ్డవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ దెబ్బ అచ్చం అలాగే ఉంటుంది. ఇంజన్ ఆపి, కీ పక్కన చూడండి, ఎర్రటి తుప్పు పొడి రాలుతుంటే అది కదులుతోందన్నమాట. అలాంటి ఇంజన్ని ఇంక తిప్పొద్దు. ఫ్లైవీల్ ఊడి వస్తే పాక గోడ ఆపలేదు.

తెల్లపొగ అయితే ముందు డీజిల్ చూడండి. ట్యాంకు అడుగున ఉండే బిరడా విప్పి గాజు సీసాలోకి కొంచెం పట్టి పావుగంట ఉంచితే నీళ్లు కిందికి దిగుతాయి. సముద్రం దగ్గరి ఊళ్లలో, వానల తర్వాత, నాలుగైదేళ్లు వదిలేసిన ట్యాంకులో నీళ్లు లేకపోతేనే వింత. ఫిల్టరు మార్చండి, పైపుల్లో ఎయిర్ తీయండి. ఎయిర్ పట్టిన లైనుకి టైమింగ్ ఎంత పెట్టినా లాభం లేదు, ఎందుకంటే పంపు తోసేది ముందు ఆ గాలి బుడగని నొక్కడానికే సరిపోతుంది, డీజిల్ ఆలస్యంగా, తక్కువగా పడుతుంది.

తర్వాత నాజిల్. ఇంజెక్టర్ విప్పి, అదే హై ప్రెషర్ పైపుకి బయటే తగిలించి, మూతి మీ వైపు కాకుండా తిప్పి, చేతి లివర్‌తో కొట్టండి. పొగమంచులా చిమ్మాలి, కిర్రుమని చిన్న శబ్దం రావాలి, ఆగాక మూతి పొడిగా ఉండాలి. బొట్లు కారినా, పిచికారీలా ఒకే ధార వచ్చినా నాజిల్ పోయినట్టే. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి: ఆ చిమ్మే చోటికి వేలు పెట్టకండి, "ఎంత ఫోర్సుగా వస్తోందో" అని అరచెయ్యి అడ్డం పెట్టేవాళ్లని చూశాను. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది, పైకి చీమ కుట్టినంత చుక్కే కనిపిస్తుంది గానీ లోపల కండ కుళ్లి వేలు తీసేయాల్సి వస్తుంది. అలా జరిగితే మర్నాటి దాకా ఆగకుండా అప్పటికప్పుడే ఆస్పత్రికి వెళ్లాలి.

ఆఖరున కంప్రెషన్. డీకంప్రెషన్ లివర్ (వాల్వుని తెరిచి ఉంచి తిప్పడం తేలిక చేసేది) దించి, ఫ్లైవీల్‌ని చేత్తో మెల్లగా కంప్రెషన్ మీదికి తోస్తే రబ్బరు బంతిని నొక్కినట్టు వెనక్కి రావాలి. ఉస్సుమని జారిపోతే వాల్వులో రింగులో చూసుకోవాలి, ఎగ్జాస్ట్ వాల్వు ట్యాపెట్ మరీ బిగుతుగా ఉందేమో కూడా. నా అనుభవంలో టైమింగ్ అని పిలిచిన కేసుల్లో ఎక్కువ భాగం ఇక్కడికి వచ్చేలోపే తేలిపోతాయి. మీదీ ఇక్కడే తేలిపోతే సంతోషం, మిగతాది చదవక్కర్లేదు.

పిస్టన్‌ని అడగడం

ఇన్నీ చూశాక కూడా అనుమానం ఉంటే ఇప్పుడు అసలు పని. దీనికి కావలసింది టైలర్ టేపు, సుద్దముక్క, వెర్నియర్, గట్టి తీగ ఒకటి. సైకిల్ స్పోకు బాగా పనికొస్తుంది. దాన్ని ఇంజన్ బాడీ మీద ఏదో ఒక బోల్టు కింద బిగించి, కొన ఫ్లైవీల్ అంచుకి అగ్గిపుల్ల మందం దూరంలో ఉండేలా వంచండి. దూరంగా ఉంటే తల అటూ ఇటూ జరిపినప్పుడల్లా గీత మారిపోయినట్టు కనిపిస్తుంది. ఆ తీగ ఇంక పని అయ్యేదాకా కదలకూడదు, పిల్లల్ని దూరం పెట్టండి.

ఇప్పుడు టాప్ కనుక్కోవాలి, అంటే పిస్టన్ సరిగ్గా పైకొనలో ఉన్నప్పుడు ఫ్లైవీల్ ఎక్కడుందో. పిస్టన్ ఎక్కువ ఎత్తుకి వచ్చిన చోట ఆపి గీత గీసేద్దాం అనిపిస్తుంది, అది కుదరదు. ఐదున్నర అంగుళాల స్ట్రోకు ఉన్న ఇంజన్లో కూడా టాప్‌కి ఐదు డిగ్రీలు ఇటూ అటూ తిప్పినా పిస్టన్ అర మిల్లీమీటరైనా దిగదు, కంటికి అది కదిలినట్టే ఉండదు. అందుకే ముందూ వెనకా ఒకే ఎత్తులో రెండు గుర్తులు పెట్టి వాటి మధ్యని తీసుకుంటారు.

లిస్టర్ మోడల్లో ఇంజెక్టర్ పక్కనుంచి వేరే చిన్న గదిలోకి వెళ్తుంది కాబట్టి ఆ రంధ్రంలోంచి ఊచ దించి పిస్టన్‌ని తాకడం కుదరదు. దానికి వాల్వునే కొలతబద్దగా వాడుకోవాలి. ఫ్లైవీల్ తిప్పి పిస్టన్ని సుమారుగా టాప్‌కి, అదీ కంప్రెషన్ టాప్‌కి తెండి. వాల్వుల్ని కదిపే రెండు పుష్ రాడ్లూ చేత్తో తిప్పితే వదులుగా తిరుగుతుంటే అది కంప్రెషన్ వైపే. నాలుగు స్ట్రోకుల ఇంజన్ కదా, రెండు చుట్లకి ఒకసారే మండుతుంది, రెండో టాప్ దగ్గర వాల్వులు కదులుతుంటాయి. తర్వాత రాకర్లు విప్పి, ఒక వాల్వు స్ప్రింగు నొక్కి లాకులు తీసి స్ప్రింగు తీసేయండి. పిస్టన్ పైన ఉంది కాబట్టి వాల్వు లోపలికి పడిపోదు, పిస్టన్ తల మీద కూర్చుంటుంది. అయినా కాడకి పురికొస ముక్కో రబ్బరు బ్యాండో గట్టిగా చుట్టి ఉంచండి, ఎవరైనా ఫ్లైవీల్ తెలియక ఒక పెద్ద తోపు తోశారంటే వాల్వు సిలిండర్లోకి జారిపోతుంది, అప్పుడు హెడ్డు విప్పడమే గతి. ఈ పని చేస్తున్నంతసేపూ ఫ్లైవీల్‌ని పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పొద్దు.

ఇప్పుడు ఫ్లైవీల్ మెల్లగా తిప్పితే వాల్వు కాడ లేస్తుంది, దిగుతుంది. అది లేచే గరిష్ఠ ఎత్తుని వెర్నియర్‌తో కొలిచి రాసుకోండి. తర్వాత వెనక్కి తిప్పి, ఇంజన్ నడిచే దిశలోనే మెల్లగా పైకి తెస్తూ, ఆ గరిష్ఠానికి సరిగ్గా 5 మిల్లీమీటర్లు తక్కువ ఉన్నప్పుడు ఆపి, తీగ కొన ఎదురుగా ఫ్లైవీల్ అంచు మీద సుద్దతో గుర్తు పెట్టండి. అదే దిశలో తిప్పుతూ టాప్ దాటించి, మళ్లీ కాడ 5 మిల్లీమీటర్లు దిగగానే ఇంకో గుర్తు. టేపుతో ఆ రెండిటి మధ్యదూరం కొలిచి సగం దగ్గర గీత గియ్యండి. అదీ మీ ఇంజన్ నిజమైన టాప్. ఇదే పని మళ్లీ 3 మిల్లీమీటర్లకి చేసి చూడండి, రెండుసార్లూ గీత ఒకేచోట పడితే ఇంక అనుమానం లేదు. మా ఇంజన్లో ఈ కొత్త గీతకీ పాత గీతకీ మధ్య 47 మిల్లీమీటర్లు వచ్చింది, చూసి నోట మాట రాలేదు.

డిగ్రీలని మిల్లీమీటర్లలోకి మార్చడం ఐదో తరగతి లెక్క. ఫ్లైవీల్ అంచు చుట్టూ టేపు పట్టి కొలవండి, 360తో భాగించండి. మాది 1890 మిల్లీమీటర్లు, అంటే డిగ్రీకి 5.25, కాబట్టి 20 డిగ్రీలంటే 105 మిల్లీమీటర్లు. మీ ఫ్లైవీల్ వేరే సైజు కావచ్చు, నా అంకె వాడకండి. టాప్ గీత నుంచి అంత దూరం, ఇంజన్ తిరిగే దిశ వైపుగా కొలిచి రెండో గీత గియ్యాలి. తిరిగేటప్పుడు ఆ రెండో గీత తీగ దగ్గరికి ముందు రావాలి, తర్వాత టాప్ గీత రావాలి. ఇది తిరగేసి గీసి టాప్ తర్వాత డీజిల్ పడేలా పెట్టుకుని రెండు రోజులు తలపట్టుకున్న మహానుభావులున్నారు. గీశాక ఒకసారి చేత్తో తిప్పి చూసుకోండి, అంతే.

వాల్వు స్ప్రింగు, లాకులు, రాకర్లు తిరిగి వేసేసి, ట్యాపెట్ గ్యాపు మీ ఇంజన్ పుస్తకంలో ఎంత ఉంటే అంత ఫీలర్ గేజితో పెట్టుకోండి.

డీజిల్ ఎక్కడ కదులుతోంది

పంపు మీది హై ప్రెషర్ పైపు విప్పండి. పాత పాడైపోయిన పైపు ఒకటి సంపాదించి, నట్టు ఉన్న వైపు నాలుగంగుళాలు కోసి, పైకి వంచి పంపుకి బిగించి, దాని మూతికి సెలైన్ ట్యూబు ముక్క తొడిగితే లోపల డీజిల్ కదలిక బాగా కనిపిస్తుంది. ఇది ఆ ముసలాయన చిట్కా. ఆస్పత్రి నుంచి వాడేసిన ట్యూబు తేకుండా మందుల షాపులో కొత్తది కొనుక్కోండి.

ర్యాక్, అంటే డీజిల్ ఎంత పడాలో మార్చే పంపు కడ్డీ, ఫుల్ డీజిల్ వైపు ఉండాలి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు గవర్నర్ (స్పీడుని అదుపు చేసేది) స్ప్రింగు మామూలుగా దాన్ని అటే లాగి ఉంచుతుంది, కానీ ఆపే లివర్ స్టాప్‌లో ఉండిపోయిందేమో, ర్యాక్ తుప్పు పట్టి ఇరుక్కుపోయిందేమో చేత్తో కదిపి చూడండి. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ర్యాక్ ఇరుక్కోవడం మామూలే, దాని వల్లే సగం కష్టాలు. డీకంప్రెషన్ లివర్ ఎత్తి పెట్టి, చేతి లివర్‌తో కొట్టి ట్యూబులో బుడగలు లేకుండా డీజిల్ నింపండి.

ఇక ఫ్లైవీల్‌ని నడిచే దిశలో, గడియారం ముల్లు కదిలినంత మెల్లగా తిప్పండి. కంప్రెషన్ స్ట్రోకులో ఒకచోట ట్యూబులో డీజిల్ కదలకుండా ఉన్నది చటుక్కున పైకి ఉబుకుతుంది. అక్కడే ఆగండి. తీగ ఎదురుగా 20 డిగ్రీల గీత ఉంటే మీ టైమింగ్ బాగుంది. దాటిపోయారనుకోండి, పావు చుట్టు వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకి రండి, వెనక్కి తిప్పుతూ గీత కలపకండి. గేర్లలో ఉన్న వదులు వల్ల వెనక నుంచి వస్తే ఒక అంకె, ముందు నుంచి వస్తే ఒక అంకె వస్తుంది. మూడుసార్లు చెయ్యండి, మూడూ రెండు మూడు మిల్లీమీటర్లలో కలవాలి. కలవకపోతే గేర్లు గానీ, మధ్యలోని ఐడ్లర్ గేరు బుష్షు గానీ బాగా అరిగినట్టే.

ఇంకా కచ్చితంగా కావాలంటే పంపు తల విప్పి డెలివరీ వాల్వూ స్ప్రింగూ తీసేసి, తలని మళ్లీ బిగించండి. ట్యాంకు పంపు కంటే ఎత్తులో ఉంటే డీజిల్ దానంతటదే బయటికి కారుతుంటుంది, కింద గిన్నె పెట్టుకోండి. ఫ్లైవీల్ తిప్పుతుంటే ఆ కారడం బొట్లు బొట్లుగా తగ్గి ఆగిపోతుంది, ఆగిన క్షణమే పంపు రంధ్రం మూసుకున్న క్షణం. ఈ పద్ధతిలో తప్పు తక్కువ. కానీ ఆ డెలివరీ వాల్వు అద్దంలా నునుపు చేసినది, దాన్ని వేస్టుతో తుడిచినా, చొక్కా అంచుతో తుడిచినా నూలుపోగు ఒకటి చాలు, చెడిపోవడానికి. శుభ్రమైన డీజిల్ గిన్నెలో వేసి ఉంచి, తడిగానే తిరిగి పెట్టేయండి.

తేడా ఉంటే ఇప్పుడు సరిచేయడం. లిస్టర్ మోడల్లో పంపు కింద ట్యాపెట్ మీద లాక్ నట్టున్న బోల్టు ఉంటుంది. బోల్టు పైకి లేపితే ప్లంజర్, అంటే పంపు లోపల డీజిల్‌ని తోసే కడ్డీ, ఎత్తులో కూర్చుంటుంది, రంధ్రం త్వరగా మూసుకుంటుంది, టైమింగ్ ముందుకి వెళ్తుంది. దించితే వెనక్కి. పంపు కింద షిమ్ములు పెట్టే మోడళ్లలో షిమ్ము తీస్తే ముందుకి, వేస్తే వెనక్కి. ఆరో వంతు చుట్టు, అంటే నట్టు ఒక ముఖం మేర తిప్పి, లాక్ నట్టు బిగించి, మళ్లీ కొలవండి. లాక్ నట్టు బిగించేటప్పుడే బోల్టు కాస్త తిరిగిపోతుంది కాబట్టి బిగించిన తర్వాత కొలతే లెక్క. ట్యాపెట్ ఎక్కువ లేపాల్సి వస్తే ఒకటి గుర్తుంచుకోండి: క్యామ్ శిఖరం మీద ఉన్నప్పుడు కూడా ప్లంజర్‌కి పైన కొంచెం ఖాళీ మిగలాలి, స్క్రూడ్రైవర్‌తో ట్యాపెట్‌ని ఇంకాస్త పైకి లేపగలిగితే ఖాళీ ఉన్నట్టు. లేకపోతే ప్లంజర్ పైకప్పుకి గుద్దుకుని పంపు పగులుతుంది.

తేడా మరీ పెద్దగా, పది పన్నెండు డిగ్రీలు వచ్చిందనుకోండి, బోల్టుతో దాన్ని సర్దే ప్రయత్నం చెయ్యకండి. ఎవరో ఓవరాలింగ్‌లో టైమింగ్ గేరు ఒక పన్ను తప్పించి ఉంటారు. ఉదాహరణకి క్రాంక్ గేరుకి 30 పళ్లుంటే ఒక పన్ను తప్పితే 12 డిగ్రీలు. అప్పుడు డీజిల్ మాత్రమే కాదు, వాల్వులు తెరుచుకోవడం కూడా తప్పిపోతుంది, బోల్టు తిప్పి డీజిల్‌ని సరిచేసినా ఇంజన్ కోలుకోదు. గేర్ల మూత విప్పి పళ్ల మీది గుర్తు చుక్కలు కలపాల్సిందే. అరిగిపోయిన ఎలిమెంటు (పంపు లోపలి ప్లంజరూ దాని గొట్టమూ) సంగతి కూడా ఇక్కడే చెప్పాలి: కొలతలో 20 డిగ్రీలు సరిగ్గా వస్తుంది, నడిచేటప్పుడు మాత్రం ఆలస్యమైనట్టే ప్రవర్తిస్తుంది, ఎందుకంటే పంపు లోపలే డీజిల్ పక్కలకి జారిపోయి ఒత్తిడి లేటుగా పుడుతుంది. దాన్ని టైమింగ్ ముందుకి జరిపి కప్పిపుచ్చేవాళ్లున్నారు. కొన్నాళ్లు నడుస్తుంది. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో డీజిల్ పంపుల షాపుకి తీసుకెళ్లి ఎలిమెంటు మార్పించడమే మేలు.

స్టార్ట్ చేసి చూడటం

లుంగీ, మెడలో తువ్వాలు, రెండూ తీసి పక్కన పెట్టండి. హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉండాలి, చుట్టూ తిప్పి పట్టకూడదు, ఎదురు తంతే ముందు విరిగేది అదే. గాలి లోపలికి పీల్చే రంధ్రం మూయడానికి ఒక చెక్కపలక దగ్గర పెట్టుకోండి, గవర్నర్ ఇరుక్కుని ఇంజన్ అదుపు తప్పి పరిగెత్తితే డీజిల్ కట్టేసినా ఒక్కోసారి ఆగదు, గాలి ఆపాలి. అరచెయ్యి అడ్డం పెట్టకండి, పలకే.

చల్లగా ఉన్నప్పుడు కాస్త కొట్టడం, కాస్త పొగ సహజం. అరగంట నడిపి, లోడు వేసి, అప్పుడు వినండి. కొత్తగా కొడుతుంటే ఒక డిగ్రీ, రెండు డిగ్రీలు వెనక్కి. ఇంజన్ని 650కి బదులు 550లో నెమ్మదిగా నడుపుకునేవాళ్లకి కూడా ఒకటి రెండు డిగ్రీలు తక్కువే సుఖంగా ఉంటుంది. డీజిల్లో కిరసనాయిల్ కలిపే అలవాటుంటే ఆ కలిపిన దాంతో టైమింగ్ పెట్టకండి, కిరసనాయిల్ ఆలస్యంగా అంటుకుని ఒక్కసారిగా మండుతుంది, అందుకే కొడుతుంది. పొగ లోడు మీద లేత బూడిదరంగులో, దాదాపు కనిపించకుండా ఉంటే చాలు. నల్లగా వస్తే ఎయిర్ ఫిల్టరు, నాజిల్, ఓవర్ లోడు చూడండి. నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది, దానికి టైమింగ్‌తో సంబంధం లేదు.

ప్లగ్గున్న ఇంజన్లు

పెట్రోలుతో లేపి, వేడెక్కాక కిరసనాయిల్‌కి మార్చే విల్లియర్స్ లాంటి చిన్న పంపు ఇంజన్లున్నవాళ్లకి సూత్రం అదే, టాప్ కనుక్కోవడం ఇంకా తేలిక. వాటిలో చాలావాటికి ప్లగ్గు రంధ్రంలోంచి పెన్సిల్ దించితే పిస్టన్ తగులుతుంది. అక్కడా అదే రెండు గుర్తుల పద్ధతి. నిప్పురవ్వ పుట్టేది పాయింట్లు (కరెంటుని కలిపి విడదీసే రెండు చిన్న ముక్కలు) తెరుచుకోవడం మొదలైన క్షణంలో. సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితాన్ని పాయింట్ల మధ్య పెట్టి మెల్లగా లాగుతూ ఫ్లైవీల్ తిప్పండి, బిగుసుకుని ఉన్న కాగితం ఎక్కడ జారి వస్తుందో అక్కడే రవ్వ.

ముందు పాయింట్లని శుభ్రం చేసి గ్యాపు పెట్టుకుని, ఆ తర్వాతే టైమింగ్ చూడండి, ఎందుకంటే గ్యాపు మారితే టైమింగ్ మారిపోతుంది. గ్యాపు పెరిగితే పాయింట్లు త్వరగా తెరుచుకుంటాయి, రవ్వ ముందుకొస్తుంది. తగ్గితే వెనక్కి. క్యామ్ మీద రుద్దుకునే పీచు ముక్క అరిగేకొద్దీ గ్యాపు తగ్గిపోతుంది, అందుకే ఈ ఇంజన్లు ఏళ్లు గడిచేకొద్దీ ఆలస్యంగా మండటం మొదలుపెడతాయి. చాలావాటికి గ్యాపు 0.3 నుంచి 0.4 మిల్లీమీటరు మధ్య ఉంటుంది. ఫ్లైవీల్ లోపలే మాగ్నెటో (రవ్వకి కరెంటు పుట్టించేది) ఉన్న రకంలో అర్ధచంద్రం ఆకారం కీ ఒకటి ఉంటుంది, అది సగం తెగి ఫ్లైవీల్ కొంచెం జారితే పాయింట్లు ఎంత సర్దినా పని కాదు. నిన్నటిదాకా బాగా నడిచి ఈరోజు సైలెన్సర్లో పేలుతుంటే ఆ కీ విప్పి చూడండి. విడిగా మాగ్నెటో ఉన్న పెద్ద ఇంజన్లలో మెల్లగా తిప్పినప్పుడు టక్కుమని స్ప్రింగు తన్నే శబ్దం వస్తుంది, స్టార్టింగ్‌లో రవ్వని ఆలస్యం చేసి చెయ్యి కాపాడేది అదే. టక్కు పిస్టన్ టాప్ దగ్గర, లేదా ఒక పిసరు దాటాక రావాలి. బాగా ముందే వస్తుంటే, లేదా జిడ్డు పట్టి అసలు టక్కే రాకపోతే హ్యాండిల్ పట్టుకోకండి. మాగ్నెటో విప్పి ఆ స్ప్రింగు భాగాన్ని పెట్రోలుతో కడిగి తిరిగి కొలవండి.

అన్నీ కుదిరాక, సుద్ద గీతలు రెండురోజుల్లో చెరిగిపోతాయి కాబట్టి నిజమైన టాప్ దగ్గరా, 20 డిగ్రీల దగ్గరా సన్న ఉలితో చిన్న గాటు పెట్టి రంగు నింపండి. మేము మా చెల్లి గోళ్ల రంగు వాడాం, టాప్‌కి ఎరుపు, డీజిల్‌కి గులాబీ, ఆరేళ్లయినా ఉంది. తీగ బిగించిన బోల్టు ఏదో, అంచు చుట్టుకొలత ఎంతో పాక స్తంభం మీద మేకుతో రాసి పెట్టుకోండి. ఆ తర్వాత పాత గీతని మాత్రం వదలకండి, ఆకురాయితో రాసి చెరిపేయండి, లేకపోతే మీరు ఊళ్లో లేని రోజున వచ్చే మెకానిక్ దాన్నే పట్టుకుంటాడు.